ఆ విశేషణం ఎవరిది? ఇంగ్లీషులో అడ్జెక్టివ్‌తో ముడిపడి వచ్చే క్లాజులు

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్పి, తర్వాత జవాబులోకి వెళ్తాను. మీరు డీఎస్సీకి చదువుతున్నారు. సబార్డినేట్ క్లాజును, అంటే ప్రధాన వాక్యం మీద ఆధారపడి వచ్చే ఉపవాక్యాన్ని, "దట్", "ఇఫ్" లాంటి కంజంక్షన్లు, "హూ", "విచ్" లాంటి రిలేటివ్ ప్రొనౌన్లు మొదలుపెడతాయని నేర్చుకున్నారు. ఒక గైడులో మాత్రం "అడ్జెక్టివ్‌లు కూడా సబార్డినేట్ క్లాజును మొదలుపెడతాయి" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు, ఉదాహరణ ఇవ్వలేదు. అది "ఐ యామ్ గ్లాడ్ దట్ యూ కేమ్" లాంటి వాక్యాల సంగతా, "విచ్ బుక్", "హూజ్ బుక్" లాంటి వాటి సంగతా అని అడిగారు.

రెండూనండీ. గైడు రెండు వేర్వేరు సంగతుల్ని ఒకే ముక్కలో కుదించింది, మీ తికమక అక్కడే మొదలైంది. మొదటి రకంలో అడ్జెక్టివ్ మెయిన్ క్లాజులోనే, అంటే ప్రధాన వాక్యంలోనే ఉంటుంది. "గ్లాడ్" అనగానే "ఎందుకు?" అనే ప్రశ్న పుడుతుంది, దానికి జవాబుగా వెనక ఒక క్లాజు వస్తుంది. క్లాజును మొదలుపెట్టే పని "దట్" చేస్తుంది, పిలిచే పని "గ్లాడ్" చేస్తుంది. రెండో రకంలో అడ్జెక్టివే సబార్డినేట్ క్లాజు లోపల ఉంటుంది, దాని గుమ్మంలోనే నిలబడుతుంది. "ఐ నో విచ్ బస్ హి టుక్" అన్నప్పుడు "విచ్" అటు బస్సుకు విశేషణం, ఇటు రెండు క్లాజుల్నీ కలిపే ముడి. పరీక్ష కోణంలో అసలు అర్థంలో "మొదలుపెట్టేది" ఈ రెండోదే. కానీ మనవాళ్లు ఎక్కువగా తడబడేది మొదటి దానిలో కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

జిల్లా పరిషత్ హైస్కూల్లో చాలా ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లాడు లీవ్ లెటర్ రాసి తెచ్చాడు. అందులో "ఐ యామ్ డిఫికల్ట్ టు కమ్ టు స్కూల్ టుమారో" అని ఉంది. ఎర్ర ఇంకుతో కొట్టేసి, "ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మీ టు కమ్" అని పైన రాసిచ్చాను. వాడు కాగితం తీసుకుని వెళ్లిపోలేదు, అక్కడే నిలబడ్డాడు. "టీచర్, 'నాకు భయం' అంటే 'ఐ యామ్ అఫ్రెయిడ్' అని మొన్న మీరే చెప్పారు కదా. మరి 'నాకు కష్టం' అంటే 'ఐ యామ్ డిఫికల్ట్' ఎందుకు కాదు?" అన్నాడు.

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. "అలాగే అంటారు రా" అని పంపేశాను, కానీ రాత్రి దాకా అదే ఆలోచన. వాడి లెక్కలో తప్పు లేదు. తెలుగులో నాకు భయం, నాకు సంతోషం, నాకు కష్టం, నాకు వీలు, నాకు తెలుసు, అన్నిటికీ "నాకు" ఒక్కటే. మనిషికి కలిగే భావమైనా, పని స్వభావమైనా "కు" తగిలించి ఊరుకుంటాం. ఇంగ్లీషు అలా ఊరుకోదు. ఆ గుణం మనిషిదా, పనిదా అని తేల్చుకున్నాకే వాక్యం మొదలుపెడుతుంది. భయం నాలో ఉంది, కాబట్టి "ఐ యామ్ అఫ్రెయిడ్". కష్టం నాలో లేదు, రావడంలో ఉంది. కాబట్టి "ఇట్ ఈజ్ డిఫికల్ట్". ఆ కష్టం ఎవరికి తగులుతుందో చెప్పడానికి "ఫర్ మీ" వస్తుంది. మన "నాకు" అక్కడ "ఫర్ మీ" అయి కూర్చుంటుంది.

మర్నాడు వాణ్ని పిలిచి ఇదే చెప్పాను. అప్పటి నుంచి ఈ పాఠం చెప్పినప్పుడల్లా బోర్డు మీద ముందు ఒకే ప్రశ్న రాస్తాను: ఈ విశేషణం ఎవరిది? మీరు అడిగిన రెండు రకాలూ ఈ ఒక్క ప్రశ్నతోనే విడిపోతాయి. మీరూ దీన్నే పట్టుకోండి.

విశేషణం మనిషిదైతే వాక్యం మనిషితో మొదలవుతుంది. గ్లాడ్, హ్యాపీ, సారీ, ప్రౌడ్, యాంగ్రీ, సర్‌ప్రైజ్డ్, డిసప్పాయింటెడ్, వరీడ్ లాంటివి మనసుకు సంబంధించినవి. షూర్, సర్టెన్, కాన్ఫిడెంట్, అవేర్ లాంటివి మనిషి నమ్మకానికి, ఎరుకకు సంబంధించినవి. "ఐ యామ్ ప్రౌడ్ దట్ మై డాటర్ టాప్‌డ్ ద క్లాస్." "షి ఈజ్ అవేర్ దట్ ద లాస్ట్ డేట్ ఈజ్ ఫ్రైడే." ఇక్కడ తెలుగు వాక్యాన్ని తిరగేయాలి. మనం క్లాజును ముందు చెప్పి విశేషణాన్ని చివర పెడతాం: "మా అమ్మాయి క్లాస్ ఫస్ట్ వచ్చిందని నాకు గర్వంగా ఉంది." మన "అని" క్లాజు తోకన ఉంటుంది. ఇంగ్లీషు "దట్" క్లాజు తలన ఉంటుంది. క్లాజు మొత్తం విశేషణం వెనక్కి జరుగుతుంది.

తెలుగులో ఈ క్లాజు ఎప్పుడూ "అని"తోనే రాదని గమనించండి. "నువ్వు వచ్చినందుకు సంతోషం", "ఆలస్యమైనందుకు సారీ" అని కూడా అంటాం. "అని", "అందుకు" రెండింటికీ ఇంగ్లీషులో ఒకే "దట్" సరిపోతుంది. కానీ "అందుకు" అనగానే పిల్లలకు "ఫర్", "అబౌట్" గుర్తొస్తాయి. "ఐ యామ్ హ్యాపీ అబౌట్ దట్ యూ కేమ్" అని రాసేస్తారు. ఇది తప్పు. "దట్" క్లాజు ముందు మామూలుగా ప్రిపొజిషన్ నిలవదు. "హ్యాపీ అబౌట్ ద రిజల్ట్" సరే, ఎందుకంటే వెనక వచ్చింది నౌన్. "హ్యాపీ దట్ ఐ పాస్డ్" సరే, వెనక క్లాజు వచ్చింది, ప్రిపొజిషన్ తప్పుకుంది. "షూర్ ఆఫ్ హిజ్ సక్సెస్", "షూర్ దట్ హి విల్ సక్సీడ్" కూడా ఇదే లెక్క.

ఇంకో చిన్న సంగతి. మన సంతోషం, కోపం, భయం, టెన్షన్, డౌట్ అన్నీ నౌన్లే. ఇంగ్లీషులో "ఐ యామ్" వెనక అక్కడ కావలసింది అడ్జెక్టివ్. అందుకే "ఐ యామ్ టెన్షన్ దట్ రిజల్ట్స్ ఆర్ టుమారో" వినడానికి మనకు సహజంగా ఉన్నా నిలవదు. "ఐ యామ్ వరీడ్ దట్ ఐ మే నాట్ పాస్" అనండి. "ఐ యామ్ డౌట్" కూడా అంతే. "ఐ యామ్ నాట్ షూర్" అంటే హాయిగా సరిపోతుంది.

"నాట్ షూర్" అన్నాక ఏం రావాలి? నమ్మకం ఉంటే "దట్", లేకపోతే "వెదర్" లేదా "ఇఫ్". "ఐ యామ్ షూర్ దట్ హి విల్ కమ్." "ఐ యామ్ నాట్ షూర్ వెదర్ హి విల్ కమ్." మనకు ఇది కొత్తేం కాదు. "వస్తాడని నమ్మకం" అంటాం, "వస్తాడో రాడో తెలీదు" అంటాం. "అని" ఉన్నచోట "దట్", "వస్తాడో రాడో" ఉన్నచోట "వెదర్". ఆ "ఓ" శబ్దాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దానితో పెద్ద పని ఉంది.

"అఫ్రెయిడ్" గురించి ఒక మాట. నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఆస్పత్రి రిసెప్షన్‌లో చేరింది. చేరిన వారంలోనే రాత్రిపూట ఫోన్ చేసింది. బిల్లు విషయమై వచ్చిన మెయిల్‌లో "వి ఆర్ అఫ్రెయిడ్ దట్ ద క్లెయిమ్ కెనాట్ బి అప్రూవ్డ్" అని ఉందట. "వాళ్లు దేనికి భయపడుతున్నారు టీచర్? నేనేమైనా తప్పు చేశానా?" అంటోంది. గొంతులో వణుకు తెలుస్తోంది. అక్కడ భయం ఏమీ లేదు. చేదు వార్తను మెత్తగా చెప్పే పద్ధతి అది. మనం "ఏమీ అనుకోకండి, డాక్టరుగారు ఇవాళ రారండీ" అంటామే, ఆ "ఏమీ అనుకోకండి" బరువే "ఐ యామ్ అఫ్రెయిడ్ ద డాక్టర్ ఈజ్ నాట్ కమింగ్ టుడే" అన్న దానిలో ఉంది. ఈ వాక్యంలో "దట్" లేదు, చూశారా? షూర్, గ్లాడ్, సారీ, అఫ్రెయిడ్ లాంటి చిన్న, రోజువారీ విశేషణాల వెనక మాట్లాడేటప్పుడు "దట్" తరచుగా జారిపోతుంది. మాట జారినా క్లాజు అలాగే ఉంటుంది. పరీక్షలో "దట్ లేదు కదా, క్లాజు ఎక్కడ?" అని వెతుక్కోకండి. రెండో క్రియ ఎక్కడుందో చూస్తే క్లాజు దొరుకుతుంది.

ఇప్పుడు రెండో వైపు. విశేషణం మనిషిది కాక విషయానిదైతే వాక్యం "ఇట్"తో మొదలవుతుంది. క్లియర్, ట్రూ, పాసిబుల్, స్ట్రేంజ్, ఆబ్వియస్, నెసెసరీ, ఇంపార్టెంట్. "ఇట్ ఈజ్ క్లియర్ దట్ ద బ్రిడ్జ్ ఈజ్ అన్‌సేఫ్." స్పష్టంగా ఉన్నది ఏది? వంతెన భద్రంగా లేదన్న విషయం. అసలు సబ్జెక్ట్ ఆ క్లాజే. "దట్ ద బ్రిడ్జ్ ఈజ్ అన్‌సేఫ్ ఈజ్ క్లియర్" అన్నా వ్యాకరణం ఒప్పుకుంటుంది, కానీ తల బరువై వాక్యం వంగిపోతుంది. అందుకని బరువును చివరికి దించి, ఖాళీ అయిన కుర్చీలో "ఇట్"ను కూర్చోబెడతారు. ఆ "ఇట్"కు తెలుగులో అనువాదం వెతకొద్దు. "వంతెన ప్రమాదకరంగా ఉందన్నది స్పష్టం." మనకు "అది" అక్కర్లేదు, ఎందుకంటే బరువైన క్లాజును ముందు పెట్టడం మనకు అలవాటే.

ఈ జాబితాలోని విశేషణాన్ని మనిషికి అంటగడితే లీవ్ లెటర్ కథే మళ్లీ. "ఐ యామ్ పాసిబుల్ టు కమ్" తప్పు, "ఇట్ ఈజ్ పాసిబుల్ ఫర్ మీ టు కమ్" ఒప్పు. "ఐ కెన్ కమ్" అంటే ఇంకా ఒప్పు, నన్నడిగితే అదే వాడమంటాను. కొన్ని విశేషణాలు మాత్రం రెండు వైపులా నడుస్తాయి. "ఇట్ ఈజ్ లైక్లీ దట్ హి విల్ కమ్", "హి ఈజ్ లైక్లీ టు కమ్" రెండూ సరైనవే. "పాసిబుల్"కు ఆ వెసులుబాటు లేదు. ఇది లాజిక్‌తో తేలేది కాదు, వాడుకను బట్టి నేర్చుకోవాల్సిందే.

"ఎవరిది?" అన్న ప్రశ్న ఎంత లోతుకు వెళ్తుందో "షూర్" దగ్గర చూడండి. "హి ఈజ్ షూర్ దట్ హి విల్ విన్" అంటే గెలుస్తానని వాడికి నమ్మకం. "హి ఈజ్ షూర్ టు విన్" అంటే వాడు తప్పకుండా గెలుస్తాడు. ఇక్కడ నమ్మకం వాడిది కాదు, చెప్పేవాడిది. వాడు లోపల వణికిపోతుండొచ్చు కూడా. సబ్జెక్ట్ అదే, విశేషణం అదే. వెనక "దట్" వచ్చిందా, "టు" వచ్చిందా అన్నదాన్ని బట్టి నమ్మకం చేతులు మారింది. ఇన్నేళ్లు ఈ భాష చెప్పినా ఈ జత దగ్గరికి వచ్చేసరికి నాకిప్పటికీ ఆనందంగానే ఉంటుంది.

దీనికి అన్నదమ్ములాంటి జత ఇంకొకటి ఉంది. 1960లలో అమెరికన్ భాషావేత్త నోమ్ చామ్‌స్కీ "ఈగర్ టు ప్లీజ్", "ఈజీ టు ప్లీజ్" అనే రెండు మాటలు పక్కపక్కన పెట్టి భాషాశాస్త్రంలో పెద్ద చర్చ నడిపాడు. పేర్లు మనవి పెట్టుకుందాం. "సీత ఈజ్ ఈగర్ టు ప్లీజ్" అంటే ఎదుటివాళ్లను మెప్పించాలని సీతకు తపన. "సీత ఈజ్ ఈజీ టు ప్లీజ్" అంటే సీతను మెప్పించడం తేలిక. పైకి రెండు వాక్యాలూ కవలలు. లోపల ఒకదానిలో సీత మెప్పించేది, రెండోదానిలో సీతను మెప్పించేది వేరేవాళ్లు. తపన సీతది, తేలికతనం పనిది. ఇప్పుడు మా పిల్లాడి "ఐ యామ్ డిఫికల్ట్" దగ్గరికి మళ్లీ రండి. "ఐ యామ్ డిఫికల్ట్ టు ప్లీజ్" వ్యాకరణపరంగా ఒప్పే! కానీ అర్థం "నన్ను మెప్పించడం కష్టం" అని. "ఐ యామ్ డిఫికల్ట్ టు కమ్" ఎందుకు నిలవదో దీనితో తేలిపోతుంది. "కమ్" అనే పనికి "నన్ను" అనే చోటు లేదు.

"ఇట్" వాక్యాల్లో పరీక్షకు పనికొచ్చే ఇంకో ముక్క. నెసెసరీ, ఎసెన్షియల్, ఇంపార్టెంట్ లాంటి "తప్పనిసరి" విశేషణాల వెనక క్రియ మామూలు రూపంలో కాకుండా మూలరూపంలో రావొచ్చు. "ఇట్ ఈజ్ ఎసెన్షియల్ దట్ ఎవ్రీ క్యాండిడేట్ బి ప్రెజెంట్ బై నైన్." "ఈజ్" ఉండాల్సిన చోట "బి" కనబడితే అచ్చుతప్పు అనుకోకండి. అమెరికన్ ఇంగ్లీషులో ఈ పద్ధతి బాగా ఎక్కువ. బ్రిటిష్ పద్ధతిలో "షుడ్ బి ప్రెజెంట్" అనడం మామూలు, మన దగ్గరా అదే చెవికి అలవాటు. రెండూ సరైనవే.

ఇక గైడు అసలు అర్థంలో చెప్పినది. విచ్, వాట్, హూజ్, విచెవర్, వాటెవర్. వీటి వెనక నౌన్ వస్తే మన బడి వ్యాకరణంలో వీటిని ఇంటరాగేటివ్ అడ్జెక్టివ్ అనో, రిలేటివ్ అడ్జెక్టివ్ అనో అంటారు. నౌన్ లేకుండా ఒంటరిగా వస్తే ప్రొనౌన్. "ఐ నో విచ్ హి వాంట్స్" అన్నప్పుడు ప్రొనౌన్, "ఐ నో విచ్ పెన్ హి వాంట్స్" అన్నప్పుడు అడ్జెక్టివ్. ఇప్పటి వ్యాకరణవేత్తలు వీటిని అడ్జెక్టివ్‌లలో కలపకుండా డిటర్మినర్లు, అంటే నౌన్ ముందు నిలబడి అది ఏదో తేల్చే మాటలు అంటారు. ప్రశ్నపత్రంలో ఏ పేరు కనబడినా మాట ఇదేనని తెలిస్తే చాలు.

ఇక్కడా అదే ప్రశ్న: విశేషణం ఎవరిది? "ఐ నో విచ్ పెన్ హి వాంట్స్" అన్నప్పుడు "విచ్" పెన్నుది. పెన్ను "వాంట్స్" అనే క్రియకు ఆబ్జెక్ట్. అంటే అది మామూలుగా క్రియ వెనక ఉండాల్సింది. "విచ్" గుమ్మంలోకి వస్తూ తన నౌన్‌ను కూడా వెంట లాక్కొచ్చింది. అందుకే ఆ రెండింటినీ విడదీయకూడదు. "విచ్ హి వాంట్స్ పెన్" అనలేం.

ఇప్పుడు "ఓ" దగ్గరికి వద్దాం. "టెల్ మీ విచ్ బస్ షుడ్ ఐ టేక్." ఈ తప్పు డిగ్రీ చదివినవాళ్లు, అమెరికాలో పదేళ్లుగా ఉన్నవాళ్లు కూడా చేస్తారు. సరైనది "టెల్ మీ విచ్ బస్ ఐ షుడ్ టేక్". ప్రశ్న విడిగా అడిగితే "విచ్ బస్ షుడ్ ఐ టేక్?" అని సహాయక క్రియ ముందుకు దూకుతుంది. అదే ప్రశ్న ఇంకో వాక్యం కడుపులోకి వెళ్తే ఆ దూకుడు ఆగిపోవాలి, సబ్జెక్ట్ ముందు, క్రియ వెనక. ఎప్పుడు ఆపాలో తెలియక మనవాళ్లు తడబడతారు. నిజానికి తెలుగు మనకు దాన్ని చెవిలో చెబుతూనే ఉంది. "ఏ బస్సు ఎక్కాలి?" ఇది విడి ప్రశ్న. "ఏ బస్సు ఎక్కాలో చెప్పండి." ప్రశ్న వాక్యం లోపలికి వెళ్లగానే "ఎక్కాలి" కాస్తా "ఎక్కాలో" అయింది. "ఎప్పుడొస్తారు?" కాస్తా "ఎప్పుడొస్తారో తెలీదు" అయింది. కాబట్టి మనసులో తెలుగు వాక్యం అనుకుని చూడండి. క్రియ చివర "ఓ" వినబడితే ఇంగ్లీషులో ప్రశ్న క్రమం వాడొద్దు. "నీ పేరేంటో చెప్పు": "టెల్ మీ వాట్ యువర్ నేమ్ ఈజ్". "ఎవరి బ్యాగో తెలీదు": "ఐ డోంట్ నో హూజ్ బ్యాగ్ దిస్ ఈజ్". పిల్లలకు సూత్రాలు ఎన్ని చెప్పినా ఎక్కలేదు. ఈ "ఓ" చెప్పాక వాళ్ల తప్పుల్ని వాళ్లే దిద్దుకోవడం చూశాను.

"హూజ్" మనకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది రిలేటివ్ క్లాజులో. "కొడుకు అమెరికాలో ఉన్న ఆయన" అంటాం. ఇందులో "ఎవరి" అన్న మాటే లేదు. కొడుకు ఎవరి కొడుకో వినేవాడు పట్టుకుంటాడు, "ఉన్న" అనే ఒక్క రూపం మొత్తం బరువు మోస్తుంది. ఇంగ్లీషులో ఆ సంబంధం నోటితో చెప్పి తీరాలి: "ద మ్యాన్ హూజ్ సన్ ఈజ్ ఇన్ అమెరికా". మనకు ఆ మాట లేకపోవడం వల్ల కొందరు "ద మ్యాన్ హూ హిజ్ సన్ ఈజ్ ఇన్ అమెరికా" అంటారు, ఇంకొందరు "హూజ్ హిజ్ సన్" అని రెండూ పెడతారు. "హూజ్" లోనే "హిజ్" ఉంది. "హూజ్" మనుషులకే అని కొందరు చెప్తారు, అది నిజం కాదు. "ఎ హౌస్ హూజ్ రూఫ్ లీక్స్" మంచి ఇంగ్లీషే.

విచెవర్, వాటెవర్ దగ్గర తెలుగు మనకు మరీ దగ్గర చుట్టం. "ఏ బస్సు ముందొస్తే అది ఎక్కు": "టేక్ విచెవర్ బస్ కమ్స్ ఫస్ట్". ఇక్కడ ఆ క్లాజు "టేక్"కు ఆబ్జెక్ట్, అంటే నౌన్ చేసే పని చేస్తున్న నౌన్ క్లాజు. "ఏ బస్సు ఎక్కినా పదింటికి చేరతావు": "విచెవర్ బస్ యూ టేక్, యూ విల్ రీచ్ బై టెన్". ఇది ఆబ్జెక్ట్ కాదు, మిగతా వాక్యానికి పక్క నుంచి జతపడే అడ్వర్బ్ క్లాజు. ఇంగ్లీషులో రెండు చోట్లా ఒకే మాట, తెలుగులో రూపాలు వేరు. "ఏది ఐతే అది" అనిపిస్తే నౌన్ క్లాజు, "ఏది ఐనా" అనిపిస్తే అడ్వర్బ్ క్లాజు. క్లాజు రకం అడిగే ప్రశ్నలో మీ మాతృభాషే కీ ఇచ్చేస్తుంది.

"వాట్" విశేషణంగా వచ్చే ఒక అందమైన వాడుక కూడా చెప్పాలి. "షి గేవ్ హిమ్ వాట్ లిటిల్ మనీ షి హ్యాడ్." తన దగ్గరున్న ఆ కాస్త డబ్బూ ఇచ్చేసింది. ఇక్కడ "వాట్" ప్రశ్న కాదు, "ఉన్నదంతా" అని. "ఆ కాస్తా" అని మనం చివర దీర్ఘం తీస్తామే, ఆ దీర్ఘమే అది. ఆఫీసు మెయిల్స్‌లో కనబడే "ఇన్ విచ్ కేస్", "బై విచ్ టైమ్" కూడా ఈ కుటుంబమే. "హి మే బి లేట్, ఇన్ విచ్ కేస్ స్టార్ట్ వితవుట్ హిమ్" అంటే "ఆలస్యం కావచ్చు, అలాగైతే ఆయన కోసం ఆగకండి" అని. "విచ్" ఇక్కడ "కేస్"కు విశేషణం.

మామూలు విశేషణం కూడా గుమ్మంలోకి వచ్చే వాక్యం ఒకటుంది. "రిచ్ యాజ్ హి ఈజ్, హి ట్రావెల్స్ బై బస్." ఎంత డబ్బున్నా బస్సులోనే తిరుగుతాడు. "టయర్డ్ దో షి వాజ్, షి కుక్డ్ ఫర్ ఆల్ ఆఫ్ అజ్." "రిచ్", "టయర్డ్" క్లాజు లోపలివే, "ఈజ్", "వాజ్" వెనక ఉండాల్సినవి బలం కోసం ముందుకొచ్చాయి. రెండో భాగంలో "బట్" పెట్టకండి. మన "అయినా" అలవాటు కొద్దీ "బట్ హి ట్రావెల్స్" అని వచ్చేస్తుంది.

"సో" జత చేసిన విశేషణం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. "రైలు ఎంత రద్దీగా ఉందంటే కాలు పెట్టే చోటు లేదు." మన "ఎంత... అంటే" సరిగ్గా "సో... దట్".

ఇక పరీక్షలో క్లాజు పేరు రాయాల్సి వస్తే "ఇట్ ఈజ్ క్లియర్" వెనకది నౌన్ క్లాజు, "హూజ్ సన్" తో వచ్చేది అడ్జెక్టివ్ క్లాజు, "రిచ్ యాజ్ హి ఈజ్" అడ్వర్బ్ క్లాజు. "ఐ యామ్ గ్లాడ్ దట్ యూ కేమ్" దగ్గర మాత్రం పుస్తకాల మధ్య తేడా ఉంది. కారణం చెబుతోంది కాబట్టి అడ్వర్బ్ క్లాజు ఆఫ్ రీజన్ అని పాత పద్ధతి. నౌన్ క్లాజు అని మరికొందరు. విశేషణానికి కాంప్లిమెంట్, అంటే దాని అర్థాన్ని పూర్తిచేసే భాగం అని ఇప్పటివాళ్లు. నాకు చివరిదే సరైందనిపిస్తుంది, ఎందుకంటే "ఐ యామ్ షూర్ దట్..." లో కారణం అంటూ ఏమీ లేదు కదా, వాక్యం ఆకారం మాత్రం అదే. అయినా మీ సిలబస్‌లో చెప్పిన పుస్తకం ఏది అంటుందో చూసుకుని పరీక్షలో అదే రాయండి.

ఇవాళ రాత్రి పడుకునే ముందు ఈ నాలుగూ ఇంగ్లీషులోకి మార్చి చూడండి. "రేపు రావడం నాకు కుదరదు." "వాడు పాసవుతాడని వాళ్లమ్మకు నమ్మకం." "ఇల్లు వరదలో మునిగినవాళ్లు బడిలో ఉంటున్నారు." "ఏ మందు వాడాలో డాక్టరు రాసిచ్చాడు." ప్రతిదాని దగ్గరా ముందు విశేషణం ఎవరిదో పెన్సిల్‌తో గీత గీయండి, తర్వాతే రాయండి. మూడో వాక్యం దగ్గర ఆగిపోతే "హూజ్" గురించి రాసిన పేరా మళ్లీ చదవండి. ఇల్లు ఎవరిదో తెలుగు చెప్పలేదు, ఇంగ్లీషులో మీరే చెప్పాలి.